పేరు మనది, చిరునామా ఎవరిది?

ఎన్నికల రంగమున దిగువారు జెండాలను, కరపత్రములను ముందుగనే సిద్ధపఱచుకొందురు. తమ పేరిటి వెబ్ చిరునామాను మాత్రము కడపటికి విడిచిపెట్టుదురు. ఇది ప్రమాదకరము. చిరునామా పేరుగలవానికి గాక, మొదట రుసుము చెల్లించి నమోదు చేసికొన్నవానికి దక్కును.

2015లో అమెరికా అధ్యక్షపదవికి పోటీచేసిన వారి యనుభవము చూడుడు. టెడ్ క్రూజ్ పేరిటి డాట్ కామ్ చిరునామాలో, ఆయన యెదిరించుచున్న ఒబామానే సమర్థింపుడను ప్రబోధము కనబడెను. కార్లీ ఫియోరినా పేరిటి డాట్ ఆర్గ్ చిరునామాలో, ఆమె హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ నేలిన కాలమున ఉద్యోగములు పోయిన 30,000 మందికి గుర్తుగా అన్ని విషాదముఖములు నిలిచెను. జెబ్ బుష్ పేరిటి డాట్ కామ్ చిరునామా ట్రంప్ ప్రచారమునకే దారి చూపెను.

మనదేశమునను అరుణ్ జైట్లీ తన పేరిటి చిరునామాకై ఢిల్లీ హైకోర్టు కెక్కవలసివచ్చెను. 2011లో తీర్పు ఆయన కనుకూలమయ్యెను. కాని ఎన్నికల ప్రచారము వారములలో ముగియును. వ్యాజ్యము ఏండ్లు సాగును.

కావున అభ్యర్థిత్వము ప్రకటింపకమునుపే చిరునామాను నమోదు చేయవలెను. మన పేర్లను ఇంగ్లీషు లిపిలో పలువురు పలువిధముల వ్రాయుదురు గనుక ఆ భేదములను గూడ చేర్చవలెను. ఏ కార్యకర్త సొంత ఖాతాలోనో యుంచక, పార్టీ పేరిటనే నిలుపవలెను. ఎన్నికలు ముగిసినను ఏటేట రుసుము చెల్లించుట మానరాదు. గడువు దాటిన చిరునామాను అన్యుడు కొని, పాత నమ్మకముతో వచ్చిన ఓటరుకు అసత్యమును చూపగలడు, చందాలను కాజేయగలడు. అట్టి మోసమువలన నష్టపడునది అభ్యర్థి యొక్కడే కాదు, ప్రజాస్వామ్యము.