డిస్కు మారింది, డేటా ఏదీ?

హార్డ్‌డిస్క్ చాలాసార్లు చెప్పే పోతుంది. కంప్యూటర్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టడం, ఏదో ఒక ఫైలు దగ్గరికొచ్చేసరికి అంతా బిగుసుకుపోవడం, పెట్టెలోంచి గోడ గడియారంలా టిక్కు టిక్కుమని చప్పుడు రావడం.. ఇవన్నీ దాని వీడ్కోలు కబుర్లే. వినేవాళ్లే తక్కువ. ఒకరోజు పొద్దున్నే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో డిస్కు కనబడటం లేదన్న వాక్యం ప్రత్యక్షమయ్యాక గానీ ఆ పెట్టెలో ఏమేం దాచామో గుర్తుకు రాదు.

పుదుచ్చేరిలో 2024 డిసెంబర్ మొదటి వారంలో అలాంటి తెల్లవారుజాములు చాలా ఇళ్లు చూశాయి. నవంబర్ 30 రాత్రి తీరం దాటిన ఫెంగల్ తుపాను ముందుకు కదలకుండా పట్టణం దగ్గరే తిష్ఠ వేసింది. 24 గంటల్లో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. రెయిన్‌బో నగర్, కృష్ణా నగర్ లాంటి పల్లపు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. జనాన్ని బయటికి తేవడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. మన ఇళ్లలో సీపీయూ పెట్టె ఉండేది బల్ల కింద, నేల మీద. దాన్ని ముంచడానికి మోకాటి లోతు నీళ్లు చాలు. నీళ్లు రాని ఇళ్లను కరెంటు వదల్లేదు. పోయి, వచ్చి, మళ్లీ పోయే కరెంటు డిస్కుకు మంచిది కాదు. ఇక ఏడాది పొడవునా ఉండే ఉప్పుగాలి సంగతి సముద్రతీరం వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ పెట్టెలో జరిగేదేమిటో తెలిస్తే చెడిపోయిన డిస్కుతో చెలగాటం ఆడబుద్ధి కాదు. లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. సమాచారాన్ని చదివే హెడ్ వాటికి తగలకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. తల వెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు. ఆ హెడ్ పళ్లేన్ని ఒక్కసారి గీరిందంటే పైనున్న అయస్కాంత పూత లేచిపోతుంది. పూతతో పాటే పెళ్లి ఫొటోలు, పద్దు పుస్తకాలు, సగం రాసిన థీసిస్. ఈసారైనా వస్తుందేమోనని చప్పుడు చేస్తున్న డిస్కును పదే పదే ఆన్ చేయడమంటే ఆ గీతలను చేజేతులా పెంచడమే. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే బాగవుతుందన్న చిట్కా ఇంకా ప్రచారంలో ఉంది. చల్లబడ్డ డిస్కు మీద చేరే తేమ వల్ల అదనపు నష్టమే తప్ప ఒరిగేదేమీ లేదు.

యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడ్డ ఒక మెకానిక్ తన దగ్గరికొచ్చే వాళ్లను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ‘‘డిస్కు కావాలాండీ, అందులోది కావాలాండీ?’’ తేడా చిన్నది కాదు. డిస్కే కావాలంటే నాలుగు స్క్రూలు విప్పి, కొన్ని వేల రూపాయల్లో కొత్త ఎస్ఎస్‌డీ బిగించేస్తాడు. అరగంట పని. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లేలు లేవు, చప్పుడు లేదు, పాత కంప్యూటర్‌కు కూడా పరుగొస్తుంది. ‘అందులోది’ కావాలంటే మాత్రం కథ వేరు. కొన్ని సెక్టార్లే చెడితే డిస్కును బయటికి తీసి, మరో కంప్యూటర్‌కు తగిలించి, డీడీరెస్క్యూ లాంటి ఉచిత ప్రోగ్రాంతో నకలు తీయొచ్చు. అది బాగున్న భాగాలను ముందు కాపీ చేసుకుని, మొండికేసిన వాటిని చివరికి ఉంచుతుంది. హెడ్డే పోతే దుమ్ము లేని ప్రత్యేక గదిలో విప్పాలి. దాని బిల్లు చాలాసార్లు కంప్యూటర్ ధరను మించుతుంది. ఫలితానికి హామీ ఉండదు.

డిస్కు తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్. ఇక్కడ వినియోగదారుడి అమాయకత్వం మీద బతికే వ్యాపారం కొంత ఉంది. డిస్కు మారింది కనుక విండోస్ మళ్లీ కొనాలని చెప్పడం ఒక పద్ధతి. వందో రెండొందలో పుచ్చుకుని దొంగ కాపీ ఎక్కించడం రెండోది. నిజానికి విండోస్‌తో పాటు అమ్ముడైన కంప్యూటర్‌లో లైసెన్సు ముడిపడి ఉండేది మదర్‌బోర్డుతో, డిస్కుతో కాదు. విండోస్ 8 నాటి నుంచి చాలా కంపెనీల యంత్రాల్లో ‘కీ’ బోర్డులోనే దాగి ఉంటోంది. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఇన్‌స్టలేషన్ ఫైలును దానిలోకి దించుకుని, పాత ఎడిషన్‌నే ఎంచుకుంటే ఇంటర్నెట్ తగలగానే అది తనంతట తానే యాక్టివేట్ అవుతుంది.

దొంగ కాపీకి ధర తర్వాత తెలుస్తుంది. దాన్ని నడిపించడానికి ముందు యాంటీవైరస్‌ను ఆపాలి, తర్వాత అప్‌డేట్లను ఆపాలి. తాళం తీసి, తలుపూ తెరిచి పడుకోవడం లాంటిది. 2017 మేలో ప్రపంచాన్ని చుట్టేసిన వానాక్రై వైరస్ అప్‌డేట్లు పడని విండోస్ కంప్యూటర్ల మీదే విరుచుకుపడింది. బాధితుల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కూడా ఉంది.

అసలు కాపీయే ఉన్నా మరో చిక్కు వచ్చిపడింది. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండి తీరాలి. అంటే కొత్త డిస్కుతో మరో ఐదేళ్లు హాయిగా నడవగల యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ నిబంధన పాత సామాను కింద లెక్కగడుతోంది. రిపేరు హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఒక పోర్టల్ తెరిచింది గానీ ఇలాంటి నిబంధనను అది సడలించలేదు. లినక్స్ అక్కరకొచ్చేది ఇక్కడే. పక్కనున్న కేరళ తన ప్రభుత్వ పాఠశాలలను ఏనాడో దానివైపు మళ్లించింది. చెన్నై సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉంది. ఉత్తరాలు రాసుకుని, బ్యాంకు పని చూసుకుని, సినిమా చూసే ఇంటికి ఇది చాలు. ట్యాలీ, పేజ్‌మేకర్‌లతో బతికే దుకాణానికి మాత్రం చాలదు.

పేజ్‌మేకర్ ప్రస్తావన వచ్చింది కనుక తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ఒక బాధ చెప్పాలి. విండోస్ గంటలో వచ్చేస్తుంది. అను ఫాంట్లు అలా రావు. డీటీపీ సెంటర్లలో, పత్రికాఫీసుల్లో రెండు దశాబ్దాల పాటు టైప్ చేసిన తెలుగులో అత్యధిక భాగం యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన ఫాంట్లవి. కొత్త సిస్టమ్‌లో ఆ ఫాంటు లేకపోతే, ప్రాణాలతో బయటపడ్డ ఫైలు కూడా డాలర్ గుర్తులు, ప్రశ్నార్థకాలు, నెత్తిన చుక్కలున్న ఫ్రెంచి అక్షరాలుగా తెరుచుకుంటుంది. పుదుచ్చేరిలో ఫ్రెంచి అక్షరాలకు కొదవ లేదు గానీ ఆ ఊళ్లో కూడా దాన్ని ఎవరూ చదవలేరు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉచితంగా వచ్చింది. మన అచ్చుయంత్రాంగం దాన్ని పట్టించుకోవడానికి చాలా ఏళ్లు తీసుకుంది. సిస్టమ్ బాగున్నప్పుడే పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడం, ఫాంట్ల ఇన్‌స్టలేషన్ ఫైళ్లను విడిగా దాచుకోవడం తప్ప దీనికి మందు లేదు.

నకళ్ల విలువ తెలియజెప్పడానికి ఈ పట్టణాన్ని మించిన చోటు ఉండదు. 1955లో మొదలైన పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లో, దాని సోదర సంస్థ ఫ్రెంచి ప్రాచ్య అధ్యయన కేంద్రంలో కలిపి సుమారు 11 వేల శైవ రాతప్రతులున్నాయి. అత్యధికం తాటాకులే. 2005లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. మన వాతావరణంలో తాటాకు రెండు మూడు వందల ఏళ్లకు మించి నిలవడం కష్టం. ఆ గ్రంథాలు ఇంతదాకా వచ్చాయంటే ప్రతి కొన్ని తరాలకూ ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకు మీద మళ్లీ గీకబట్టే. ఇప్పుడు వాటికి డిజిటల్ రూపాలూ వచ్చాయి. అవి ఉండేది చివరికి డిస్కుల్లోనే. డిస్కుకు కంపెనీ ఇచ్చే వారంటీ మూడేళ్లు, మహా అయితే ఐదేళ్లు.

డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్లై కథా అలాంటిదే. తెలుగు ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందం’ అంకితం పుచ్చుకున్న ఆ పెద్దమనిషి 1736 నుంచి పాతికేళ్ల దాకా తమిళంలో దినచర్య రాశాడు. 1846లో గాల్వా మోంబ్రూన్ అనే ఫ్రెంచి అధికారి దాన్ని పిళ్లై వారసుల ఇంట్లో చూసి నకలు తీయించాడు. మరో నకలు పారిస్ చేరింది. మద్రాసు ప్రభుత్వం 1904 నుంచి 1928 దాకా 12 సంపుటాల ఇంగ్లీషు అనువాదం అచ్చువేసింది. ఒకటి ఫ్రాన్సులో, మిగతావి ఇక్కడ. బ్యాకప్ అంటే ఇదే.

ఇంట్లో వాళ్లకు కూడా లెక్క ఇంతే: మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లో. ఆంధ్రప్రదేశ్‌లో మూడు రాజధానుల ముచ్చట తీరలేదు గానీ డేటాకు మూడు చోట్లు ఉండాల్సిందే. కంప్యూటర్ పక్కనే పెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్కు దొంగతనంలోనూ వరదలోనూ దానికి తోడుగా పోతుంది. విశాఖలో చెల్లెలింట్లో ఒకటి ఉంచినా చాలు, లేదంటే క్లౌడ్. బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోవాలి. అది లేకపోతే నిక్షేపంలాంటి డిస్కు కూడా తెరుచుకోదు.

చివరిగా, విప్పిన పాత డిస్కు. ఎక్స్ఛేంజి కింద వందో రెండొందలో తగ్గిస్తానంటే దాన్ని దుకాణంలో వదిలి రావద్దు. కొనేవాడికి డిస్కుతో పాటు మీ ఆధార్ కాపీ, ఆదాయపన్ను పత్రాలూ ముట్టవచ్చు. మామూలు ఫార్మాట్‌తో ఫైళ్లు చెరిగిపోవు, పేర్ల జాబితా మాత్రమే చెరుగుతుంది. తిరగని డిస్కునైతే ఫార్మాట్ కూడా చేయలేం. పళ్లేలకు డ్రిల్లుతో రెండు మూడు చిల్లులు పెట్టించి, ఆ తర్వాత ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి.