కంపెనీకీ ఉంటుంది సిబిల్!

ఫోన్ ఈఎంఐ ఒక్కటి ఆలస్యమైతే సిబిల్ స్కోరు పడిపోతుందని ఇప్పుడు కాలేజీ కుర్రాళ్లకి కూడా తెలుసు. మరి కంపెనీల సంగతేంటి? వాటికీ రిపోర్టులుంటాయి. అందులో తప్పు పడితే ఏమవుతుందో అమెరికాలో జరిగిన ఈ కేసు చెబుతుంది.

1976. వెర్మాంట్ రాష్ట్రంలో గ్రీన్‌మాస్ బిల్డర్స్ అనే నిర్మాణ సంస్థ. దాని ప్రెసిడెంట్ లోన్ విషయం మాట్లాడ్డానికి బ్యాంకుకి వెళ్తే, మీ కంపెనీ దివాలా పిటిషన్ వేసినట్టు రిపోర్టు వచ్చిందని చెప్పారు. నిజానికి పిటిషన్ వేసింది కంపెనీ కాదు, అక్కడ పనిచేసి మానేసిన ఓ ఉద్యోగి. దివాలా కేసులు చూడ్డానికి డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సంస్థ పెట్టుకున్న 17 ఏళ్ల హైస్కూల్ విద్యార్థి పొరపాటున దాన్ని కంపెనీకి అంటగట్టారు. అప్పటికే రిపోర్టు ఐదుగురు ఖాతాదారులకు వెళ్లిపోయింది. ఆ ఐదుగురెవరని అడిగితే, చెప్పం పొమ్మన్నారు!

గ్రీన్‌మాస్ పరువునష్టం దావా వేసింది. జ్యూరీ మొత్తం మూడున్నర లక్షల డాలర్లు ఇవ్వమంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1985లో 5-4 తేడాతో గ్రీన్‌మాస్ నెగ్గింది. అంటే తొమ్మిదేళ్ల పోరాటం.

అంత దూరం ఎందుకెళ్లాల్సి వచ్చింది? అమెరికాలో 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ఉంది. కానీ అది కాపాడేది 'వినియోగదారు'ని, అంటే మనిషిని మాత్రమే. నా రిపోర్టు చూపించు, తప్పుంటే గడువులోగా దిద్దు అని అడిగే హక్కు కంపెనీకి ఆ చట్టం ఇవ్వదు. ఇప్పటికీ అంతే.

యూరప్‌లోనూ జీడీపీఆర్ రక్షణ మనుషుల డేటాకే, కంపెనీల డేటాకి కాదు. చైనాది ఇంకో పద్ధతి. 2013 నిబంధనల ప్రకారం మనుషుల క్రెడిట్ రిపోర్టులిచ్చే సంస్థకి సెంట్రల్ బ్యాంక్ లైసెన్స్ ఉండాలి. కంపెనీల రిపోర్టులకైతే అక్కడ నమోదు చేసుకుంటే చాలు.

బ్రిటన్ ఇంకో కోణంలో ఆలోచించింది. చిన్న కంపెనీల చరిత్ర అంతా వాటి సొంత బ్యాంకు దగ్గరే ఉండిపోతే, వేరే బ్యాంకు అప్పెలా ఇస్తుంది? అందుకే 2015లో రూల్ పెట్టారు. ఏడాదికి రెండున్నర కోట్ల పౌండ్ల లోపు టర్నోవరున్న సంస్థ ఒప్పుకుంటే, పెద్ద బ్యాంకులు దాని వివరాలను క్రెడిట్ ఏజెన్సీలకి ఇవ్వాల్సిందే.

ఇక మన దగ్గర. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం మనిషికీ కంపెనీకీ గోడ కట్టలేదు. అప్పు తీసుకున్నవాళ్లెవరైనా ఆ చట్టం కిందికే వస్తారు. సిబిల్‌తో సహా నాలుగు సంస్థలూ రిజర్వ్ బ్యాంక్ లైసెన్సుతోనే నడుస్తాయి. తమాషా ఏంటంటే, మన స్కోరు 900కి దగ్గరగా ఉంటే గొప్ప. చిన్న వ్యాపారాలకిచ్చే సిబిల్ ర్యాంకులో మాత్రం 1 వస్తే గొప్ప, 10 వస్తే కష్టం.

కాబట్టి స్టార్టప్ పెట్టిన తమ్ముళ్లూ, బొటిక్ నడిపే చెల్లెళ్లూ... లోన్‌కి వెళ్లేముందే కంపెనీ రిపోర్టు తెప్పించుకుని చూడండి. ఎప్పుడో తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తోందా? వేరేవాళ్ల లోన్ మీ పేరున ఎక్కిందా? వెంటనే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023లో చెప్పింది. అప్పటికీ కదలకపోతే అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబర్ నుంచి క్రెడిట్ సంస్థలూ ఆ పరిధిలోకి వచ్చాయి.

గ్రీన్‌మాస్‌కి తప్పు సంగతి బ్యాంకువాళ్లు చెబితే తెలిసింది. మీకు మాత్రం బ్యాంకు కంటే ముందే తెలియాలి!