లాబీ గీత ఎవరిది?

బేతంచెర్ల ప్రాంతంలో హద్దు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది రాయి. నాపరాళ్లకు పేరుమోసిన ఊరు కదా! పొరుగువాడి సరిహద్దు రాతిని జరపవద్దని ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. ఆటస్థలంలో మాత్రం హద్దు అంటే పిడికెడు సున్నం. కాలితో రాస్తే చెరిగిపోతుంది. అయినా దానిమీద రేగే తగాదా పొలం గట్టు తగాదాకు ఏమాత్రం తీసిపోదు.

కబడ్డీలో 'లాబీ' అనే మాటనే తీసుకుందాం. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ వెడల్పులోనే రెండు పక్కలా మీటరు చొప్పున వదిలిన పట్టీ లాబీ. కూతకు వెళ్లినవాడు ఎవరినీ తాకనంతవరకు అది బయటి నేలే, అడుగుపెడితే ఔట్. ఎవరినైనా తాకి పెనుగులాట మొదలైందా, అదే నేల ఆటలో భాగమైపోతుంది. గీత అక్కడే ఉంటుంది, దాని అర్థం మారుతుంది. చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే. "గీత దాటాడు" అని ఒకరు, "తాకాకే దాటాడు" అని మరొకరు కేకలేస్తారు.

ఇది ఊరి ఆటల గొడవే అనుకుంటే పొరపాటు. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పురుషుల ఫైనల్లో భారత్, ఇరాన్ 28-28తో సమంగా ఉన్నాయి. ఆట ముగింపు దగ్గరపడింది. కూతకు వెళ్లిన మన కెప్టెన్ పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే లాబీలోకి అడుగుపెట్టాడు. పట్టుకోబోయిన ఇరాన్ ఆటగాళ్లు వెంటే వెళ్లారు. పాత నియమం ప్రకారం వెంట వెళ్లినవాళ్లూ ఔట్. కొత్త నియమం ప్రకారం కూతవాడు ఒక్కడే ఔట్. నిర్ణయం అటూ ఇటూ మారింది, ఆటగాళ్లు కోర్టులోనే బైఠాయించారు, దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరకు భారత్‌కు 3, ఇరాన్‌కు 1 పాయింటు ఇచ్చారు. మనవాళ్లు 33-29తో స్వర్ణం గెలిచారు.

గెలిచాం కాబట్టి ఆ గంటను మరచిపోయాం. ఓడి ఉంటే ఇంత సులువుగా మరచేవాళ్లమా? ఆ రోజు తప్పు ఆటగాళ్లది కాదన్నదే మా అభిప్రాయం. ఏ నియమంతో ఆడుతున్నారో అందరికీ ఒకే మాటగా తెలియకపోవడమే అసలు లోపం.

మన పల్లెల్లో పండుగ పోటీలకు చాలాచోట్ల లాబీ గీతే గీయరు. అంపైరు నోటిమాటే గీత! ఆ రెండు గీతలకు పట్టే సున్నం ఎంతని? టాస్ వేయకముందే కెప్టెన్లిద్దరినీ ఆ గీత దగ్గరకు పిలిచి, ఎవరు దాటితే ఎవరు ఔటో అంపైరు చెప్పాలి. జనానికీ మైకులో వినిపించాలి. ఈ సంక్రాంతి పోటీల నుంచే మొదలుపెట్టవచ్చు.