టూ స్ట్రోక్ ఇంకా బతికే ఉంది.. మీకెందుకంటే!

2025 నవంబరులో బిజినెస్ పేజీల్లో ఒక వార్త వచ్చింది. ఆస్ట్రియా కంపెనీ కేటీఎం పగ్గాలు మన బజాజ్ ఆటో చేతికి వచ్చాయి. అంతకు ఏడాది ముందే కేటీఎం అప్పుల్లో మునిగి దివాలా ప్రక్రియకు వెళ్లింది. 2007లో 14.5 శాతం వాటాతో అడుగుపెట్టిన బజాజ్, ఈసారి 80 కోట్ల యూరోల ప్యాకేజీతో దాన్ని ఒడ్డున పడేసింది. చాలామంది దీన్ని డ్యూక్ బండ్ల వార్త అనుకుని పేజీ తిప్పేశారు. కానీ టూ స్ట్రోక్ మోటోక్రాస్ బండ్లు ఇప్పటికీ తయారు చేస్తున్న కొద్దిపాటి పెద్ద కంపెనీల్లో కేటీఎం ఒకటి. అంటే, మన రోడ్ల మీద ఎప్పుడో కథ ముగిసిందనుకున్న ఇంజిన్‌కి ఇప్పుడు ఒక పుణె కంపెనీ యజమాని అయింది.

‘అన్నా, ఎలాగూ ఈవీలు వచ్చేస్తున్నాయి కదా.. ఇంకా ఇంజిన్లు నేర్చుకోవడం దండగేనా?’ మెకానికల్, ఆటోమొబైల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. దానికి జవాబు ఈ బండిలో వెతుకుదాం.

టూ స్ట్రోక్‌ని రోడ్ల మీద నుంచి తరిమింది కాలుష్య నిబంధనలు. ఆర్ఎక్స్100, రాజ్‌దూత్, పాత చేతక్.. అన్నీ అలాగే వెళ్లిపోయాయి. మోటోక్రాస్‌లో కూడా 1998లో యమహా వైజెడ్400ఎఫ్ వచ్చాక ఫోర్ స్ట్రోక్ హవా మొదలైంది. హోండా అయితే 2007 మోడల్ తర్వాత టూ స్ట్రోక్ మోటోక్రాస్ బండ్లే ఆపేసింది. అయినా జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో నేటికీ నడిచేవి 65, 85, 125 సీసీ టూ స్ట్రోక్‌లే. 2024లో పుణెలో మొదలైన ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్‌లో పిల్లలకు 85 సీసీ క్లాస్ పెట్టారు. కారణం సింపుల్. ఇందులో వాల్వులు లేవు, క్యామ్ లేదు. బరువు తక్కువ. టాప్ ఎండ్ విప్పి పిస్టన్ మార్చడం చేయి తిరిగినవాడికి సాయంత్రం పని. అదే రేసు ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ పాడైతే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

అయితే ఈ బండి అలసత్వాన్ని అస్సలు క్షమించదు. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ కింద విడిగా ఉంటుంది. మోటోక్రాస్ టూ స్ట్రోక్‌లో గేర్‌బాక్స్‌కి మాత్రమే వేరే ఆయిల్. క్రాంక్, పిస్టన్, బేరింగులు తడిసేది పెట్రోల్‌లో మీరు కలిపి పోసిన ఆయిల్‌తోనే. కంపెనీని బట్టి 30:1 నుంచి 60:1 దాకా చెబుతారు. 40:1 అంటే లీటరు పెట్రోల్‌కి 25 మిల్లీలీటర్లు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ‘ఆయిల్ ఎక్కువైతే మంచిదేగా’ అని రెట్టింపు పోశారనుకోండి. కార్బురేటర్ జెట్ సైజు మారదు. దాని గుండా వెళ్లే ద్రవంలో ఆయిల్ పెరిగింది కాబట్టి పెట్రోల్ తగ్గింది. అంటే ఆయిల్ పెంచితే మిశ్రమం లీన్ అవుతుంది! నా మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇదే. నేను ‘రిచ్ అవుతుంది సార్’ అన్నాను. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

లీన్ అంటే వేడి, వేడి ఎక్కువైతే పిస్టన్ పట్టేయడం. అందుకే నడిపే పద్ధతిలో కూడా తేడా ఉంది. పొడవాటి దిగుడులో గేర్‌లో ఉంచి థ్రాటిల్ పూర్తిగా మూసేస్తే ఇంజిన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, పెట్రోల్ మాత్రం దాదాపు వెళ్లదు. పెట్రోల్ లేదంటే ఆయిల్ కూడా లేదు. అనుభవం ఉన్నవాళ్లు అందుకే క్లచ్ పట్టి మధ్యమధ్యలో థ్రాటిల్ కాస్త తిప్పుతుంటారు.

నా వంతు కూడా చెప్పేస్తాను. ఫైనలియర్‌లో హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్రెండు 125 బండి అడిగి తీసుకున్నాను. కిక్ కొట్టాను, స్టార్టయింది. వేడెక్కనివ్వకుండా ఫుల్ థ్రాటిల్ ఇచ్చేశాను. రెండో మలుపులో వెనక చక్రం లాకయిపోయింది, నేను మట్టిలో పడ్డాను. మెకానిక్ పిస్టన్ బయటికి తీసి చూపించాడు. నాలుగు వైపులా నాలుగు నిలువు గీతలు. చుట్టూ నీళ్లున్న సిలిండర్ ఇంకా చల్లగానే ఉంది, అల్యూమినియం పిస్టన్ మాత్రం ముందే ఉబ్బింది. దాన్నే కోల్డ్ సీజర్ అంటారు. పాత ఆర్ఎక్స్ అయితే బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసేవాళ్లు. ఈ సిలిండర్ లోపల నికాసిల్ పూత ఉంటుంది, మళ్లీ పూత వేయించాలి. ఆ డబ్బు కట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. రేడియేటర్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేదాకా ఆగి ఉంటే ఖర్చు సున్నా.

ఇక ఇంకో కరెంట్ అఫైర్స్ అంశం. 2030కి అనుకున్న 20 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని కేంద్రం 2025కే ముందుకు జరిపింది, అందుకుంది కూడా. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20. దీని మీద సోషల్ మీడియాలో జరిగిన గొడవ మీరు చూసే ఉంటారు. కోపాలు పక్కనపెట్టి లెక్క చూద్దాం. కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. ఈ20కి ఇది సుమారు 13.5. అంటే అంతే గాలికి ఇంధనం దాదాపు 9 శాతం ఎక్కువ కావాలి. సెన్సర్లున్న ఇంజెక్షన్ బండి ఆ తేడాను తనే సర్దుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, లీన్‌గా నడుస్తుంది. నిజమే, ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు చల్లబరుస్తుంది, ఆక్టేన్ కూడా ఎక్కువే. కాబట్టి ట్యాంకు నింపిన వెంటనే ఇంజిన్ పోదు. కానీ మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలా అని ప్లగ్గు చూసి తేల్చుకోవాల్సిన పని మాత్రం మీదే.

అసలు ప్రమాదం నీళ్లతో. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మోతాదు దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. మీరు కలిపిన ఆయిల్ చాలావరకు పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. కాక్ లాగేది అడుగు నుంచే. ఇంజిన్‌లోకి ఆయిల్ లేని ద్రవం వెళ్తుందన్నమాట! అందుకే కలిపిన పెట్రోల్ నెలల తరబడి దాచొద్దు. బండి పక్కన పెట్టేముందు కార్బురేటర్ ఖాళీ చేయాలి.

మెయింటెనెన్స్ లెక్క ఇక్కడ కిలోమీటర్లలో ఉండదు, గంటల్లో ఉంటుంది. హ్యాండిల్ దగ్గర చిన్న అవర్ మీటర్ పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ప్రతిసారీ తిరిగొచ్చాక ఫోమ్ ఎయిర్ ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. మన ఎర్రమట్టి దుమ్ము ఒక్కసారి లోపలికి దూరిందంటే రింగులు గోవిందా. రేసుల్లో వాడే 125కి పిస్టన్ మామూలుగా 20 నుంచి 40 గంటల మధ్య మార్చేస్తారు. రింగు గ్యాప్ ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు. రీడ్ వాల్వ్ రేకుల అంచులు విరిగాయేమో, పవర్ వాల్వ్‌కి మసి పట్టిందేమో చూస్తారు. గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గుతూ, సైలెన్సర్ తెల్లగా పొగ కక్కుతుంటే క్రాంక్ సీల్ అనుమానించాలి. చైన్, స్పోకులు, బ్రేకులు సరే, ఏ బండికైనా తప్పవు.

ఇప్పుడు ఉద్యోగాల మాట. డిసెంబరు 2022లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఎలక్ట్రిక్ మోటోక్రాస్ బండి ‘వార్గ్’ తయారు చేసే స్టార్క్ ఫ్యూచర్‌లో 5 కోట్ల యూరోలు పెట్టింది. దాంట్లో క్లచ్ లేదు, గేర్లు లేవు, ప్లగ్గూ లేదు. ఒక వైపు బజాజ్ చేతిలో టూ స్ట్రోక్, మరో వైపు చెన్నై కంపెనీ డబ్బు కరెంటు బండిలో. ఎవరు గెలుస్తారో తేలేలోపు రెండు చోట్లా మనుషులు కావాలి. నా అంచనా ఏంటంటే పందెం ఇంజిన్ మీదా, మోటారు మీదా కాదు. టెస్టింగ్, క్యాలిబ్రేషన్, వారంటీ అనాలిసిస్.. ఈ పనుల్లో మీ దగ్గరికి వచ్చేది పాడైన పార్టు. అది ఎందుకు పాడైందో వెనక్కి నడుచుకుంటూ చెప్పాలి. పిస్టన్ మీద ఆ నాలుగు గీతలు చదవగలిగినవాడికి కాలిన బ్యాటరీ సెల్ చేతిలో పెడితే కనీసం ఏ ప్రశ్న ముందు అడగాలో తెలుస్తుంది. కోడింగ్ వచ్చి చేతులకు గ్రీజు అంటనివాళ్లు, గ్రీజు అంటి డేటా చదవలేనివాళ్లు.. రెండు రకాలూ మన కాలేజీల్లో బోలెడు. రెండూ వచ్చినవాళ్లే దొరకట్లేదు.

మోటోక్రాస్ బండి కొనమని నేను చెప్పను. లక్షల్లో ధర, పైగా రోడ్డు మీద నడపడానికి వీల్లేదు. బాజా ఎస్ఏఈ ఇండియా టీమ్ మీ కాలేజీలో ఉంటే చేరండి. డిగ్రీ పూర్తయితే నాట్స్ పోర్టల్‌లో ఆటో కంపెనీల అప్రెంటిస్‌షిప్‌లు చూడండి. ఇవేవీ అందకపోతే ఊరికి వెళ్లినప్పుడు మిర్చికో పత్తికో మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్‌ని దింపండి. వాటిలో చాలావరకు టూ స్ట్రోక్‌లే. నాన్నగారు పెట్రోల్‌లో ఆయిల్ ఏ లెక్కన కలుపుతున్నారో అడగండి. చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. బెల్లం రంగులో ఉంటే మిశ్రమం బాగున్నట్టే. నల్లగా తడిగా ఉంటే రిచ్. తెల్లగా ఉంటే మాత్రం తిరిగి స్టార్ట్ చేయకముందే కారణం వెతకండి.