మా ఆకును అడ్డం పెట్టుకోకండి

పొగాకు చట్టాన్ని గట్టి చేద్దామనే మాట ఢిల్లీలో వచ్చిన ప్రతిసారీ ఒక గొంతు లేస్తుంది: "తునికాకు తెంపే ఆదివాసీల పొట్ట కొట్టకండి." ఆ గొంతు మనది కాదు. బీడీ వ్యాపారులది, వాళ్ల సంఘాలది. కల్లం దగ్గర కట్టకు యాభై ఆకులు ఉన్నాయా లేవా అని చూసేటప్పుడు మన పొట్ట ఎవరికీ గుర్తుకు రాదు. బోనస్ డబ్బులు ఏళ్లకేళ్లు ఆగినప్పుడూ గుర్తుకు రాదు. చట్టం అనగానే మాత్రం మనం గుర్తొస్తాం.

ఇది ఎట్లా నడిచిందో చదువుకుంటున్న మన పిల్లలు తెలుసుకోవాలి. 2003లో పొగాకు ఉత్పత్తుల నియంత్రణ చట్టం, అంటే కోట్పా, వచ్చింది. పెట్టె మీద రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని 2014లో కేంద్రం నిర్ణయించింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. ఇంతలో పార్లమెంటు కమిటీ ఒకటి ఆపమంది. పొగాకు వల్ల క్యాన్సర్ వస్తుందని మన దేశంలో చేసిన అధ్యయనం ఏదీ లేదని ఆ కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ అన్నారు. కమిటీలో సభ్యుడైన అలహాబాద్ ఎంపీ శ్యామాచరణ్ గుప్తా స్వయానా బీడీ వ్యాపారి. కంచెకు కాపలా మేకకు అప్పజెప్పినట్టయింది. బొమ్మ ఏడాది ఆలస్యంగా వచ్చింది. తర్వాత వ్యవహారం కోర్టులకెక్కింది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇవ్వబట్టి బొమ్మ నిలబడింది. విడి సిగరెట్ల అమ్మకం ఆపాలని, కొనే వయసు 18 నుంచి 21కి పెంచాలని 2021లో ముసాయిదా బిల్లు తెచ్చారు. మళ్లీ అదే గొంతు లేచింది. బిల్లు ముసాయిదాగానే మిగిలింది.

ఇక్కడ ఆదివాసీల పేరు చెప్పి చట్టాన్ని ఆపుతున్నారు. న్యూజిలాండ్‌లో ఆదివాసీలు కోరి తెచ్చుకున్న చట్టాన్ని తీసేశారు. అక్కడి మావోరీల్లో పొగ తాగేవాళ్లు దేశ సగటుకు రెండింతలకు పైనే. పొగాకు వాళ్ల నేలకు తెల్లవాళ్ల ఓడల మీద వచ్చింది. 2025 నాటికి దేశం నుంచి పొగను వెళ్లగొట్టాలన్న లక్ష్యం 2010లో పార్లమెంటు మావోరీ వ్యవహారాల కమిటీ విచారణ నుంచే పుట్టింది. మావోరీ పార్టీ నాయకురాలు తరియానా తురియా అందుకోసం గట్టిగా నిలబడ్డారు. 2022 డిసెంబరులో చట్టం వచ్చింది. 2009 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లకు జీవితాంతం సిగరెట్ అమ్మకూడదు. అమ్మే దుకాణాలు దాదాపు 6,000 నుంచి 600కు తగ్గాలి. ఇవి అమల్లోకి రాకముందే ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం వాటిని రద్దు చేసింది. సిగరెట్ల మీద వచ్చే ఆదాయం పన్నుల తగ్గింపునకు పనికొస్తుందని ఆర్థిక మంత్రి నికోలా విల్లిస్ బాహాటంగానే చెప్పారు. మావోరీల ఊపిరితిత్తుల లెక్క ఆ బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాశారు?

మన లెక్క చూద్దాం. తునికాకు పని ఎండాకాలంలో కొద్ది వారాలే. తెల్లారకముందే అడవికి పోవాలి. ఎలుగుబంటికి, పాముకు భయపడుతూ తెంపాలి. ఇంటికొచ్చి ఇంటిల్లిపాదీ కట్టలు కట్టాలి. చిగురు బాగా రావాలని తునికిని మొదలుకంటా కొట్టిస్తారు. కొట్టిన తునికి పండదు. మన పిల్లల నోటికందే పండు పోయి, ఊరివాడి నోటికి బీడీ అయింది. బీడీ చుట్టే నిజామాబాద్, సిరిసిల్ల అక్కచెల్లెళ్ల బతుకూ అంతే. పొగాకు దుమ్ము వాళ్లకు, లాభం ఇంకొకరికి. వాళ్ల సంక్షేమ నిధికి ఆధారమైన బీడీ సెస్సు 2017లో జీఎస్టీతోపాటే రద్దయింది. కార్మికుల మీద అంత ప్రేమ ఉన్న యజమానులు అప్పుడు ఢిల్లీని ఎందుకు కదిలించలేదు? 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. తాగేవాడికి విషం చవకైతే తెంపేవాడి కూలి పెరుగుతుందా?

బీడీ తాగేది పేదవాడే. అందులో మనవాళ్లూ ఉన్నారు. పొగ తాగేవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. ఆస్పత్రికి డోలీలో మోసుకుపోయే గూడేలకు ఆ దగ్గు ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

"చుట్ట మీ సంస్కృతి కదా" అంటారు కొందరు. పొగాకు మన దేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చిన మొక్క. మన పెద్దలు చుట్ట కాలిస్తే వాళ్లను మేము చిన్నచూపు చూడం. ఇప్పసారా పేరుతో ఎక్సైజ్ వాళ్లు మన ఇళ్ల మీద పడ్డట్టు, రేపు చుట్ట పేరుతో తాత మీద పడితే అదీ ఒప్పుకోం. చట్టం బరువు కంపెనీ మీద పడాలి, తాత మీద కాదు.

మేము అడిగేది ఇది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో తునికాకును పేరు పెట్టి చెప్పింది. దాని మీద హక్కు మనది. గడ్చిరోలిలో గ్రామసభలు ఆకును తామే అమ్ముకుంటున్నాయి. మన గ్రామసభలకూ ఆ పెత్తనం రావాలి. పొగాకు మీద వచ్చే పన్నులో మన వాటా, ఇప్పపువ్వుకు, చింతపండుకు, కుంకుడుకాయకు న్యాయమైన ధర, ఏడాదంతా పని కావాలి. బీడీ తగ్గిన రోజున మనం రోడ్డున పడకుండా ఇప్పటినుంచే దారి వేయాలి. ఆ దారి వేయకుండా "ఆదివాసీల బతుకు" అంటూ చట్టానికి అడ్డుపడేవాళ్లు మన బతుకును కాదు, తమ గల్లాపెట్టెను కాపాడుకుంటున్నారు.

ఉపాధ్యాయులారా, బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని కోట్పాలోనే ఉంది. మీ ఆశ్రమ పాఠశాల గేటు నుంచి ఆ గజాలు పిల్లలతో కొలిపించండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈసారి గ్రామసభలో ఒక తీర్మానం రాయించండి: మా పేరు మీద మాట్లాడే హక్కు ఏ బీడీ కంపెనీకీ మేము ఇవ్వలేదు.