వెనుక కూర్చునేవారి కాళ్ల మాటేమిటి?

ఈ మధ్య మన పల్లెలలో కుర్రకారుకు ఒక కొత్త సరదా బయలుదేరింది. మోటారు సైకిల్ కొన్న ఆరు మాసాలు తిరగకముందే, కంపెనీ వారు బిగించి ఇచ్చిన ఫుట్‌రెస్టులు విప్పించి, వాటి స్థానంలో జానెడు వెనక్కి, కొంచెం పైకి ఉండే మరో రకం పెట్టించుకుంటున్నారు. వీటిని రియర్‌సెట్ అంటారు. పూడూరులోగాని, మన్నెగూడ చౌరస్తాలోగాని ఉదయం పూట కాసేపు నిలబడితే ఇలాంటి బండి ఒకటైనా కంటబడుతుంది. నడిపే కుర్రవాడు ట్యాంకు మీదికి వంగి, మోకాళ్లు ముడిచి, మడమలు వెనుక చక్రం వైపు పెట్టి దూసుకుపోతుంటాడు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ముచ్చటతో నాకు పేచీ లేదు. ఆ వయసులో మేమూ సైకిళ్ల మడ్‌గార్డులు పీకి తిరిగినవాళ్లమే.

ఇంతకీ ఆ కుర్రవాని కాళ్లు ఇప్పుడున్న చోట అంతకు ముందు ఎవరి కాళ్లు ఉండేవి? మన దగ్గర చవకలో బిగించే రియర్‌సెట్టుకు కొత్తగా రంధ్రం వేయరు. వెనుక కూర్చునేవారి ఫుట్‌రెస్టు విప్పి, అదే బోల్టుకు దీనిని తగిలిస్తారు. నడిపేవాని కాళ్లకు కొత్త చోటు దొరుకుతుంది. వెనుకవారి కాళ్లకు ఉన్న చోటు పోతుంది.

ఈ సంగతి మా ఇంట్లోనే తెలిసి వచ్చింది. పోయిన దసరాకు మా మేనల్లుడు పట్నం వెళ్లి, ఒక దుకాణంలో తన బండికి ఈ సరంజామా అంతా పెట్టించుకొని వచ్చాడు. బిగించడానికి అడ్డం వస్తున్నదని ఎడమ పక్క శారీ గార్డు కూడా తీసేశారు. తీసిన సామాను ఇంటికి తెచ్చుకోవాలన్న ధ్యాస కూడా వానికి లేదు. నెల తిరగకుండా మా అక్కకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై వికారాబాద్ ఆసుపత్రికి పోవలసి వచ్చింది. బండి ఎక్కబోతూ ఆమె అడిగిన మొదటి మాట, “కాలు ఏడ పెట్టాలె బిడ్డా?” అని. “జరసేపే గద అమ్మా, గట్టిగ పట్టుకో” అన్నాడట వాడు. పాపం, దేనిని పట్టుకుంటుంది? ఒక చేతిలో మందుల సంచి, ఒక చేయి కొడుకు భుజం మీద. పక్కకు తిరిగి కూర్చున్న మనిషికి కాలు ఆనే చోటు లేకపోతే ఒంటి బరువంతా నడుము మీదనే పడుతుంది. స్పీడ్ బ్రేకరు దగ్గర బండి ఎగిరింది. ఆమె కిందికి జారింది. అదే సమయంలో చీరకొంగు చక్రంలో చుట్టుకున్నది. బండి మెల్లగా పోతున్నది కనుక ప్రాణం దక్కింది. చీలమండ ఎముక చిట్లి ఆరు వారాలు పట్టీలో ఉన్నది. పత్తి తీసే రోజులు. ఆ ఆరు వారాలూ చేను కూలీల మీద వదలవలసి వచ్చింది.

మేనల్లుణ్ణి నేనేమీ తిట్టలేదు. నేను అడగకముందే వాడు తల వంచుకొని, “వెనుక ఎవరు కూసుంటరులే అనుకున్న మామా” అన్నాడు. వెనుక ఎవరు కూర్చుంటారు? మన ఊళ్లలో మోటారు సైకిల్ వెనుక సీటు ఖాళీగా ఉండే రోజు ఏది? తల్లి, భార్య, బడికి పోయే పిల్లలు, యూరియా బస్తా, పాల క్యాను, దారిలో చేయి ఎత్తిన ముసలాయన - అందరికీ ఆ సీటే గతి. బస్సు తప్పిపోతే దవాఖానకు చేర్చేది కూడా అదే.

అసలు ఈ రియర్‌సెట్టు పుట్టింది ఒక్క మనిషి ఎక్కే పందెపు బండ్ల కోసం. 1950, 60 దశకాలలో లండన్‌లోని ఏస్ కేఫ్ వంటి టీ హోటళ్ల దగ్గర చేరే కుర్రకారు తమ బండ్లను కూడా పందెపు బండ్ల మాదిరిగా మార్చుకొని, గంటకు 100 మైళ్ల వేగం అందుకోవాలని పోటీలు పడేవారు. దానికి హ్యాండిలు కిందికి దించారు, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపారు. మనం బుల్లెట్ పేరుతో ఎరిగిన రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు కూడా 1960 దశకం మధ్యలో కాంటినెంటల్ జీటీ అనే 250 సీసీ బండిని ఈ తీరున తయారు చేశారు. అదే పేరుతో 2013లో మన దేశంలో 535 సీసీ బండి విడుదల చేశారు. కంపెనీ తానే అలా తయారు చేసినప్పుడు బ్రేకు, గేరు, ఫుట్‌రెస్టు అన్నీ ఒకదానికొకటి లెక్క కుదిర్చి పెడుతుంది. నేను చెబుతున్నది దుకాణంలో గంటలో బిగించే వాటి గురించి.

ఆ కూర్చునే తీరులో ఒక కిటుకు ఉంది. బండి బాగా వేగంగా పోతున్నప్పుడు ఎదురు గాలి ఛాతీని పట్టి లేపుతుంది కనుక ముందుకు వంగినా చేతుల మీద బరువు పడదు. పైగా మలుపులో బండిని బాగా వాల్చినప్పుడు పైకి ఉన్న ఫుట్‌రెస్టు నేలకు తగలదు. పందెంలో ఈ రెండూ అవసరమే. గుంతలు చూసుకుంటూ 30, 40 కిలోమీటర్ల వేగంతో పోయే మన దారులలో లేపే గాలి ఎక్కడిది? బరువంతా మణికట్ల మీద పడి, సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కుతాయి. ఆదివారాలలో అనంతగిరి గుట్టకు పట్నం నుంచి వచ్చే పెద్ద పెద్ద బండ్లను చూసి మనవాళ్లు ముచ్చటపడుతున్నారు. ఆ వచ్చినవారు సాయంత్రానికి బండి ఇంట్లో పెట్టి, మర్నాడు కారులోనో మెట్రోలోనో పనికి పోగలరు. మనకు సోమవారం పొద్దున్నే అదే బండి మీద చేనుకు పోవాలి.

బ్రేకు సంగతి మరీ ముఖ్యం. పెడల్ ఒక మీట వంటిది. మీట పొడవు తగ్గితే, అదే కాలి బలానికి బ్రేకు తక్కువ పడుతుంది. పొడవు, కోణం సరిచూడకుండా బిగిస్తే, మామూలుగా ఆగవలసిన చోట బండి ఆగదు. వెనుక ఎర్రలైటు వెలిగించే స్విచ్చి స్ప్రింగు పాత పెడల్‌కే తగిలించి ఉంటుంది. దానిని కొత్తదానికి కలపడం మరచిపోతే, మీరు బ్రేకు తొక్కినట్టు వెనుక వచ్చే లారీవానికి తెలియదు. గేరు రాడ్డును తిరగేసి బిగించారంటే గేర్ల వరుస తలకిందులవుతుంది. మన చెప్పుల కాళ్లకు స్ప్లెండర్ వంటి బండ్లలో మడమతో నొక్కి గేరు తగ్గించుకునే సౌకర్యం ఉంది. రియర్‌సెట్టులో మడమ పట్టీ ఉండదు. బొటనవేలితో పైకి ఎత్తవలసిందే.

కాలికి అలవాటు ఎంత మొండిదో పాత బుల్లెట్ నడిపినవారిని అడగండి. దానికి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండేది. దానిని వదిలి కొత్త బండి ఎక్కినవారు మొదట్లో బ్రేకనుకొని గేరు తొక్కేవారు. గేదె అడ్డం వచ్చినప్పుడు మనిషి ఆలోచించి కాలు వేయడు, కాలు అలవాటైన చోటికే పోతుంది. పట్నంలో ఒకరి బండి ఒకరే నడుపుతారేమో. మన దగ్గర ఒక్క బండిని తండ్రి నడుపుతాడు, తమ్ముడు నడుపుతాడు, పక్కింటివారు అడిగితే కాదనలేక ఇస్తాము. కొడుకు కాళ్లకు అమర్చిన బండి మీద తండ్రి కాలు బ్రేకు కోసం గాలిలో వెతుక్కుంటుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నిబంధన ఉంది. వెనుక మనిషిని ఎక్కించుకునే మోటారు సైకిల్‌కు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, వెనుక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండి తీరాలని అది చెబుతున్నది. కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకూడదన్నది దాని ఉద్దేశం. అంటే మా అక్క చీర గురించి అది ముందే ఆలోచించినది. బండి తయారైనప్పటి తీరును ఇష్టానుసారం మార్చరాదని 1988 నాటి చట్టం 52వ సెక్షన్ అంటున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కొక్క దానికి యజమానికి రూ.5,000 జరిమానా గాని, ఆరు మాసాల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. అంగవైకల్యం గలవారికి అనువుగా బండిని మార్చుకోవడానికి చట్టమే దారి చూపింది. అది వేరే విషయం.

రోడ్డు మీద తనిఖీలలో హెల్మెట్ అడుగుతున్నారు, కాగితాలు అడుగుతున్నారు. మంచిదే. వెనుక ఫుట్‌రెస్టు ఉన్నదా, శారీ గార్డు ఉన్నదా అని వంగి చూసిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు. రెండు నిముషాల పని. సంబంధిత అధికారులు దీనిపై కూడా దృష్టి పెట్టవలసి ఉంది.

విడిగా దొరికే సామాను అంతా చెడ్డదని నేను అనను. వానాకాలంలో బురద చెప్పుతో జారకుండా పళ్లు ఉన్న వెడల్పాటి ఇనుప ఫుట్‌రెస్టులు వస్తున్నాయి, అవి మేలైనవి. శారీ గార్డుకు కలిపి ఆడవాళ్లు రెండు పాదాలూ ఆనించుకునే పలక దొరుకుతుంది. అరిగి నున్నబడిన రబ్బరు మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు, అయినా ఏళ్ల తరబడి ఎవరూ మార్చరు. ఏది కొన్నా ఫుట్‌రెస్టు పైకి మడత పడుతుందో లేదో చూసుకోవాలి. బండి వాలి నేలకు తగిలినప్పుడు అది మడవకపోతే బండినే ఎత్తి పడేస్తుంది. వెల్డింగు చేయించి కదలకుండా బిగించుకోవడం అన్నింటికంటె ప్రమాదం. పోత పోసిన అల్యూమినియం రాడ్డు ఒక్క దెబ్బకు విరుగుతుంది. ఇనుపది వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు.

మెకానిక్కు సోదరులకు ఒక విన్నపం. కుర్రవాడు వచ్చి బిగించమంటే కాదనడం మీకు కష్టమే, బేరం పోతుంది. అయినా ఇంట్లో వెనుక ఎవరు కూర్చుంటారని ఒక్క మాట అడగండి. తీసిన ఫుట్‌రెస్టులు, గార్డు ఇనుప సామానులో కలపకుండా సంచిలో కట్టి వాని చేతికే ఇవ్వండి.

మా మేనల్లుడు పాత సామాను కోసం కోఠీ, పుత్లీబౌలీ దుకాణాలన్నీ తిరిగాడు. గార్డు దొరికింది, ఎడమ ఫుట్‌రెస్టు దొరికింది, కుడివైపుది వేరే బండిదాన్ని అరగదీసి సరిపెట్టారు. రియర్‌సెట్టు మా అక్క ఇంట్లో అటక మీద, పాడైన స్ప్రేయరు పక్కన ఉంది. మొన్న ఆమె మళ్లీ బండి ఎక్కింది. ఎక్కేముందు వంగి, పలకను చేత్తో రెండుసార్లు ఊపి చూసుకున్నది.