జుట్టు వచ్చింది సరే.. నాటింది ఎవరు?

ఈమధ్య ఏ వలీమాకు వెళ్లినా ఒక మాట చెవిన పడుతోంది. "పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు వీడి నెత్తి మీద ముందంతా ఖాళీ కదా!" సౌదీ నుంచో, దుబాయ్ నుంచో వచ్చిన కుర్రాడు రెండు వారాలు టోపీ తీయకుండా తిరుగుతాడు. ఏడాది తర్వాత నిండు జుట్టుతో నిఖాకు కూర్చుంటాడు. ఒకప్పుడు సినిమావాళ్ల వ్యవహారం అనుకున్న హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఇప్పుడు సెల్‌ఫోన్ షాపు నడుపుకునే అబ్బాయి దాకా వచ్చేసింది. డబ్బు చాలకపోతే ఈఎంఐ ఇస్తామని క్లినిక్‌లే చెబుతున్నాయి.

దాచుకోవాలనే సిగ్గు కూడా తగ్గింది. 2011లో ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ వేన్ రూనీ తాను జుట్టు నాటించుకున్నానని ట్విట్టర్‌లో స్వయంగా చెప్పేశాడు. ఇక ఇస్తాంబుల్ సంగతి తెలిసిందే. అక్కడి ఎయిర్‌పోర్టులో తలకు నల్ల పట్టీ కట్టుకున్న మగవాళ్లు ఎంతమంది కనిపిస్తారంటే, టర్కిష్ ఎయిర్‌లైన్స్‌ను జనం సరదాగా 'టర్కిష్ హెయిర్‌లైన్స్' అంటుంటారు.

ఇంత ఆదరణకు అసలు కారణం ప్రచారం కాదు. పని నిజంగానే బాగుపడింది. బట్టతల వచ్చినా తల వెనక, చెవుల పైన జుట్టు మిగులుతుంది కదా. ఆ కుదుళ్లను తీసి ముందు నాటినా అవి తమ గుణాన్ని వదలవని, రాలకుండా పెరుగుతాయని న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1950లలోనే చూపించారు. కానీ అప్పుడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి ముక్కలు తీసి నాటేవారు. ఒక్కో ముక్కలో పది, ఇరవై వెంట్రుకలు. దాంతో తల ప్లాస్టిక్ బొమ్మ తలలా గుత్తులు గుత్తులుగా కనిపించేది. 'నాటించుకున్నాడు' అని దూరం నుంచే తెలిసిపోయేది.

తర్వాత మన జుట్టు సహజంగానే ఒకటి నుంచి నాలుగు వెంట్రుకల చిన్న చిన్న కట్టలుగా పెరుగుతుందని గమనించి, ఆ కట్టల్ని అలాగే విడదీయడం నేర్చుకున్నారు. మొదట్లో వెనక నుంచి చర్మాన్ని పట్టీలా కోసి కుట్లు వేసేవారు, మచ్చ మిగిలేది. 2002 నుంచి ప్రచారంలోకి వచ్చిన ఎఫ్‌యూఈ పద్ధతిలో మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే సన్నటి పంచ్‌తో ఒక్కో కుదురునూ విడిగా తీస్తారు. మంచి సర్జన్ నుదుటి అంచున ఒంటి వెంట్రుకలే పెడతాడు, రెండు మూడున్నవి వెనక వరసల్లోకి వెళ్తాయి. గీత గీసినట్టు కాకుండా కాస్త ఎగుడుదిగుడుగా, పాత జుట్టు ఎటు వాలితే అటే వాలేలా నాటుతాడు. మంగలి కూడా పోల్చలేనంతగా కుదిరేది ఈ ఓపిక వల్లే. వరి నాట్లు వేసేవాళ్లకు తెలుసు, చెయ్యి తిరిగినవాడి మడి వేరుగా ఉంటుంది.

అయితే ప్రకటనలు చెప్పని మాట ఒకటుంది. ట్రాన్స్‌ప్లాంట్ కొత్త జుట్టును పుట్టించదు, ఉన్నదాన్ని చోటు మారుస్తుంది. వెనక ఉన్న నిల్వకు లెక్క ఉంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు టీనేజీ నాటి నుదురు కావాలని పట్టుబడితే, క్లినిక్ 'సరే' అని రెండు మూడు వేల గ్రాఫ్టులు ముందే ఖర్చు చేసేస్తే? బట్టతల అక్కడితో ఆగదు. ముప్ఫై అయిదు వచ్చేసరికి ముందు నాటిన జుట్టు నిలుస్తుంది, దాని వెనక పాత జుట్టు రాలిపోతుంది. మధ్యలో ఖాళీ మైదానం, నింపడానికి వెనక సరుకు లేదు. అందుకే నిజాయతీ గల డాక్టరు చిన్న వయసు వాళ్లను కొన్నాళ్లు ఆగమంటాడు, ముందు మందులతో చూద్దామంటాడు. వాపసు పంపిన డాక్టర్ని మనవాళ్లు 'చేతకానివాడు' అనుకుంటారు, అదే బాధ.

దీనికంటే పెద్ద ప్రశ్న కత్తి పట్టుకున్నది ఎవరని. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత చనిపోయాడు. డాక్టరు కాబోయే కుర్రాడు! ఢిల్లీలో ఇలాంటి మరణం కేసు హైకోర్టు దాకా వెళ్లింది. 2022 సెప్టెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టర్లే ఈ పని చేయాలని, వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసి మొదలుపెట్టడం కుదరదని చెప్పింది. ఆ మాట రాయాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. అయినా 2025లో కాన్పూర్‌లో ఇద్దరు ఇంజినీర్ల మరణాలు బయటపడ్డాయి. ఆపరేషన్ చేసింది దంతవైద్యురాలన్న ఆరోపణపై పోలీసు కేసు నడిచింది.

తలకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ చిన్నదే అనిపిస్తుంది. మోతాదు మించినా, ఒంటికి పడకపోయినా నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆక్సిజన్, అత్యవసర మందులు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు ఆ గదిలో ఉండాలి. కాబట్టి క్లినిక్‌లో గ్రాఫ్టుకు ఎంత అని అడిగే ముందు డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. కోతలు పెట్టేది ఆయనేనా, టెక్నీషియన్లకు వదిలేసి పక్క గదికి వెళ్తారా అని కూడా అడగండి. షుగర్, బీపీ, గుండె మందులు వాడుతుంటే దాచొద్దు. చాలామంది ఇంట్లో చెప్పకుండా వెళ్తున్నారు, రాత్రి జ్వరమో వాపో వస్తే అమ్మీకి కూడా ఏం జరిగిందో తెలియదు.

మన ఇళ్లలో అడిగే ఇంకో ప్రశ్న, ఇది జాయిజేనా అని. వేరేవాళ్ల జుట్టు అతికించుకోవడం వేరు, రాలిపోయిన చోట తన సొంత జుట్టునే నాటించుకోవడం వేరు. 2007లో మలేషియాలోని పుత్రజయలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ సమావేశం రాలిన జుట్టును తిరిగి నాటించుకోవడాన్ని లోపం సరిదిద్దే చికిత్సల్లోనే చేర్చింది. మీ ఆలిమ్ సాబ్‌ను అడిగి తృప్తిపడటం మంచిదే.

సజ్దా సంగతి మాత్రం ముందే మాట్లాడుకోవాలి. మొదటి కొన్ని రోజులు తల కిందికి వంచొద్దని, నాటిన చోట రుద్దొద్దని డాక్టర్లు చెబుతారు. వుజూలో మసహ్ ఎలా, కుర్చీలో కూర్చుని సైగతో నమాజు చదవొచ్చా అన్నది ఆపరేషన్‌కు ముందే కనుక్కోండి, తర్వాత కంగారు పడొద్దు. నెల తిరిగేసరికి నాటిన జుట్టు చాలావరకు రాలిపోతుంది, అది మామూలే. మూడు నాలుగు నెలలకు కొత్తది మొలుస్తుంది, పూర్తి రూపం రావడానికి ఏడాది పడుతుంది. ఉమ్రా టికెట్ అదే నెలల్లో ఉంటే తల గొరిగించుకోవడం కుదురుతుందో లేదో డాక్టరుతో తేల్చుకోండి. వద్దంటే ఖసర్ ఉండనే ఉంది, లేదంటే ట్రాన్స్‌ప్లాంట్‌నే ఉమ్రా తర్వాతకు జరపొచ్చు.